కారు ఆయిల్ సంగతి: పుల్ల చూడటం నుంచి ఫిల్టర్ బిగించేదాకా

రేపు ఉదయం కారు స్టార్ట్ చేయకముందు బానెట్ తెరిచి ఆయిల్ పుల్ల ఒకసారి బయటికి లాగండి. డిప్‌స్టిక్ అంటారు దాన్ని. చాలా కార్లలో దాని పిడి పసుపు రంగులోనో నారింజ రంగులోనో చిన్న ఉంగరంలా కనిపిస్తుంది. కారు కొని ఐదేళ్లయినా దాన్ని ఒక్కసారి కూడా ముట్టుకోనివాళ్లు నాకు చాలామంది తెలుసు. వారం వారం బండి కడిగిస్తారు, సీటు కవర్లు మారుస్తారు, దసరాకు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. ఇంజిన్ లోపలున్న మూడు నాలుగు లీటర్ల నూనె ఎలా ఉందో మాత్రం సర్వీసు సెంటర్ వాళ్లకే వదిలేస్తారు.

దీనికి మెకానిక్ కావాల్సిన పని లేదు. పుల్ల చూడటం, డబ్బా మీద అంకెలు చదవడం, ఎప్పుడు మార్చాలో లెక్క వేసుకోవడం వస్తే చాలు. సొంతంగా ఆయిల్ మార్చుకోవడం ఆ తర్వాతి మాట. అదీ చెబుతాను.

పుల్ల చూడటం

బండి చదునైన నేల మీద ఉండాలి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దిగే వాలు మీద ఆపి చూస్తే లెక్క తప్పుతుంది. రాత్రంతా ఆగి ఉన్న బండి అయితే మేలు, పైన ఉన్న ఆయిలంతా కింద చాంబర్‌లోకి దిగిపోయి ఉంటుంది. ఇప్పుడే నడిపిన బండి అయితే ఇంజిన్ ఆపి పది నిమిషాలు ఆగండి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడే చూడమని మీ కారు మాన్యువల్‌లో రాసి ఉంటే అలాగే చూడండి. కొన్ని ఖరీదైన కొత్త కార్లకు పుల్లే ఉండదు, స్క్రీన్ మీద చూసుకోవాలి.

మొదటిసారి లాగినప్పుడు కనిపించేదాన్ని నమ్మకండి. గొట్టం గోడలకు అంటిన ఆయిల్ పుల్ల పొడవునా పాకి ఉంటుంది. పాత బనియన్ ముక్కతో శుభ్రంగా తుడిచి, మళ్లీ చివరిదాకా దించి, మెల్లగా బయటికి తీయండి. నిలువుగా ఎత్తి పట్టుకుంటే ఆయిల్ కిందికో పైకో జారుతుంది కాబట్టి అడ్డంగా పట్టుకోండి. చివర రెండు గీతలో, రెండు చుక్కలో, రెండు చిన్న రంధ్రాలో ఉంటాయి. పై గుర్తు గరిష్ఠం, కింది గుర్తు కనిష్ఠం. తడి ఆ రెంటి మధ్య ఎక్కడున్నా బాధ లేదు. పుల్ల రెండు వైపులా చూడండి. ఒక వైపు ఎక్కువగా, ఇంకో వైపు తక్కువగా కనిపిస్తే తక్కువదే నిజం.

కొత్త ఆయిల్ పోసిన వారంలో ఈ తడి కనిపించడమే కష్టం. తేనె రంగులో, దాదాపు నీళ్లలా ఉంటుంది. వెలుతురుకు అడ్డంగా తిప్పితే మెరుపు ఎక్కడ ఆగిందో అక్కడే మట్టం. మొదట్లో నేను మూడుసార్లు తుడిచి మూడుసార్లు ముంచితే గానీ తేల్చుకోలేకపోయేవాణ్ని. నాలుగు నెలలు అలవాటయ్యాక ఒక్క చూపుకే తెలిసిపోతుంది.

రెండు గుర్తుల మధ్య తేడా చాలా కార్లలో ముప్పావు లీటరు నుంచి లీటరు దాకా ఉంటుంది. మట్టం కింది గుర్తు దగ్గరికి వస్తే పావు లీటరు పోసి, ఐదు నిమిషాలు ఆగి మళ్లీ చూడండి. ఉత్సాహం కొద్దీ డబ్బా మొత్తం వంచేయకండి. ఆయిల్ పై గుర్తు దాటిపోతే ఇంజిన్ ప్రధాన ఇరుసుగా తిరిగే క్రాంక్‌షాఫ్ట్ దాన్ని కవ్వంలా చిలుకుతుంది. నురుగు లేస్తుంది. బేరింగుకు నూనె బదులు గాలి బుడగలు అందుతాయి. తక్కువైతే ఎంత నష్టమో, బాగా ఎక్కువైనా అంతే.

మట్టం చూశాక ఒక చుక్కను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది చూడండి. జారుడుగా ఉండాలి. గరుకుగా ఇసుక తగిలితే ఆలోచించాల్సిందే. వాసన చూడండి, పెట్రోలు గుప్పుమంటే అది ఆయిల్‌లో కలుస్తోందన్నమాట. పాలు కలిపిన కాఫీలా ఉందంటే కూలెంట్ నీళ్లు కలుస్తున్నాయేమోనని అనుమానించాలి. హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగానికీ దిమ్మకూ మధ్య ఉండే సీలు) పోయినప్పుడు ఇలా అవుతుంది. బండి నడపకుండా మెకానిక్‌ను ఇంటికే పిలిపించండి. చలికాలంలో పాలకూ కూరగాయలకూ అర కిలోమీటరు మాత్రమే తిరిగే బండిలో ఆయిల్ మూత లోపలి వైపు వెన్నలాంటి తెట్టు కనిపిస్తుంది, అది వేరు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కక లోపల మిగిలిన ఆవిరి అది. ఒక ఆదివారం గంటసేపు హైవే మీద తిప్పి తీసుకొస్తే ఎగిరిపోతుంది.

ఇక నలుపు. ‘ఆయిల్ నల్లగా అయిపోయింది సార్, వెంటనే మార్చాలి’ అని పుల్ల తీసి ముఖం ముందు పెట్టి భయపెడతారు. రంగు చూసి టెన్షన్ పడకండి. ఆయిల్‌లో మసిని, జిడ్డును కడిగి తనలో కలుపుకుని మోసే రసాయనాలుంటాయి. అవి పని చేస్తున్నాయి కాబట్టే నల్లబడుతోంది. డీజిల్ బండిలో అయితే మార్చిన కొన్ని రోజులకే తారులా కనిపిస్తుంది. వేల కిలోమీటర్లు తిరిగినా తేనె రంగులోనే ఉందంటే నేనైతే ఆ ఆయిల్‌నే అనుమానిస్తాను.

ఎర్ర దీపం

డ్యాష్‌బోర్డు మీద ముక్కున్న నూనె కూజా, దాని చివర ఒక చుక్క. తాళం తిప్పగానే ఎర్రగా వెలిగి, ఇంజిన్ స్టార్టయ్యాక రెండు మూడు సెకన్లలో ఆరిపోవాలి. చాలామంది ఇది ఆయిల్ తగ్గిందని చెప్పే దీపం అనుకుంటారు. కాదు, ఆయిల్ ప్రెషర్ పడిపోయిందని చెప్పే దీపం. అంటే ఆయిల్ ఎంతో తగ్గి పంపు గాలి పీల్చేదాకా అది వెలగకపోవచ్చు. వెలిగాక ఉపేక్షిస్తే బేరింగులు పట్టేయడానికి, మన భాషలో ఇంజిన్ సీజ్ అవడానికి, ఎంతో సేపు పట్టదు. నడుస్తుండగా అది వెలిగితే ‘ఇంటికి రెండు కిలోమీటర్లే కదా’ అనుకోకండి. పక్కకు తీసి ఇంజిన్ ఆపేయండి. టోయింగ్ ఖర్చు వేలల్లో ఉంటే ఇంజిన్ ఖర్చు లక్షల్లో ఉంటుంది.

ఆయిల్ పాడవడం అంటే ఏమిటి

ఎడ్లబండి ఇరుసుకు కందెన పెట్టేవాళ్లు గుర్తున్నారా? ఆముదం పూసేవాళ్లు. పూయకపోతే బండి కిర్రుమంటూ ఊరంతా వినిపించేది. కాస్ట్రాల్ అన్న పేరు కూడా ఆముదం ఇంగ్లిష్ పేరైన కాస్టర్ ఆయిల్ నుంచి వచ్చిందే. ఇంజిన్లోనూ మొదటి పని అదే. తిరిగే షాఫ్టుకూ దాన్ని పట్టుకున్న బేరింగుకూ మధ్య వెంట్రుక కంటే పల్చని నూనె పొర నిలవాలి. ఆ పొర ఉన్నంతకాలం ఇనుముకు ఇనుము తగలదు.

కారులో అది ఇంకో నాలుగు పనులు చేస్తుంది. పిస్టన్ల వేడిని మోసుకొస్తుంది, మసిని కడుగుతుంది, తుప్పు పట్టకుండా కాపాడుతుంది. ఇప్పటి ఇంజిన్లలో వాల్వ్ టైమింగును మార్చేది, టైమింగ్ చైనును బిగుతుగా పట్టి ఉంచేది కూడా ఆయిల్ ప్రెషరే. టర్బో ఉన్న కారులో నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరిగే ఇరుసు ఈ నూనె పొర మీదే తేలుతుంది. అందుకే విజయవాడ నుంచి హైదరాబాద్‌కు ఏకబిగిన తోలుకొచ్చి టక్కున ఆపేయకుండా, అర నిమిషం ఐడిల్‌లో ఉంచి ఆపమనేది.

తిరిగే కొద్దీ ఆయిల్‌లో కలిపిన రసాయనాలు ఖర్చయిపోతాయి. ఇంధనం మండినప్పుడు పుట్టే ఆమ్లాలు, నీటి ఆవిరి, కాలని పెట్రోలు దానిలో చేరతాయి. వేడికి నూనె చిక్కబడి జిడ్డు తేలుతుంది. ఫిల్టర్ ఇనుప రజను, మసి ముద్దలను పట్టుకుంటుంది గానీ ఆమ్లాన్నీ నీటినీ వడకట్టలేదు. ‘అప్పుడప్పుడూ పోస్తూనే ఉన్నాను, మళ్లీ మార్చడం ఎందుకు?’ అనేవాళ్లకు ఇదే జవాబు. సాంబారులో నీళ్లు పోస్తూ పోతే అది కొత్త సాంబారు అవదు.

డబ్బా మీద అంకెలు

0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30, 15డబ్ల్యూ-40 ఇలా ఉంటాయి. డబ్ల్యూ అంటే వింటర్, చలికాలం. దానికి ముందున్న అంకె చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. అంకె తగ్గే కొద్దీ చల్లటి ఇంజిన్లో తొందరగా పారుతుంది. వెనకున్న అంకె ఇంజిన్ వేడెక్కాక, 100 డిగ్రీల దగ్గర, అది ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. ఈ అంకె పెరిగితే చిక్కదనం ఎక్కువ. దోసె పెనం మీద వేసిన నూనె మొదట ఒకచోట ఆగి, వేడెక్కగానే పరుగెత్తడం చూసే ఉంటారు. ఈ రెండు అంకెలూ ఆ రెండు స్థితులకే.

మన దగ్గర అందరూ పొరబడే చోటు ఇదే. ‘రామగుండం ఎండల్లో 0డబ్ల్యూ ఏమిటండీ, అది మంచు దేశాలకు. మనకు చిక్కటి ఆయిల్ పోయాలి’ అంటారు. మా మామయ్య అంబాసిడర్ రోజుల నుంచీ ఈ మాటే. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ బయట 20 డిగ్రీలున్నా 45 ఉన్నా థర్మోస్టాట్ కూలెంట్‌ను 90 డిగ్రీల చుట్టుపక్కలే ఉంచుతుంది. ఆయిల్ కూడా దాని దరిదాపుల్లోనో కొంచెం పైనో తిరుగుతుంది. మన ఎండ ఇంజిన్ లోపలికి తెచ్చే తేడా చాలా తక్కువ. పైగా మీ కారు ఇక్కడ అమ్మడానికి తయారైందే. ఇక్కడి ఎండ చూసుకునే మాన్యువల్‌లో గ్రేడు రాశారు.

ఇంకో సంగతి. ఉదయం స్టార్ట్ చేసేటప్పుడు, వాతావరణం 30 డిగ్రీలున్నా సరే, ఇంజిన్‌కు అది చలే. 100 డిగ్రీల దగ్గర ఉండాల్సిన దానికంటే అప్పుడు ఏ ఆయిలైనా ఎన్నో రెట్లు చిక్కగా ఉంటుంది. అరుగుదల ఎక్కువగా జరిగేదీ ఆ మొదటి క్షణాల్లోనే. సన్నటి దారులున్న కొత్త ఇంజిన్లో 20డబ్ల్యూ-50 లాంటిది పోస్తే పై దాకా చేరడం ఆలస్యమవుతుంది, మైలేజీ కూడా తగ్గుతుంది. మాన్యువల్ 0డబ్ల్యూ-20 అంటే అదే పోయండి. రెండు మూడు గ్రేడులు ఇచ్చి ఎంచుకోమంటే అప్పుడు మీ ఇష్టం. బండి లక్షన్నర కిలోమీటర్లు దాటి ఆయిల్ తాగుతుంటే మాన్యువల్ ఒప్పుకున్న వాటిలో చిక్కటిది పోసి చూడొచ్చు. కానీ సిలిండర్లు అరిగి బోర్‌కు వచ్చిన ఇంజిన్‌ను చిక్కటి ఆయిల్‌తో బాగు చేద్దామనుకుంటే అది నొప్పి మాత్ర వేసుకుని దెబ్బ దాచుకోవడం లాంటిదే.

గ్రేడు పక్కనే ఏపీఐ (అమెరికా పెట్రోలియం సంస్థ ప్రమాణం) అని, దాని పక్కన రెండు అక్షరాలుంటాయి. ఎస్ తో మొదలైతే పెట్రోలు ఇంజిన్లకు, సీ తో మొదలైతే డీజిల్‌కు. పెట్రోలులో 2010లో ఎస్ఎన్ వచ్చింది, 2020 మేలో ఎస్‌పీ వచ్చింది. రెండో అక్షరం ముందుకు పోయే కొద్దీ కొత్త ప్రమాణం. మీ మాన్యువల్ ఎస్ఎన్ అంటే ఎస్‌పీ నిశ్చింతగా పోయొచ్చు, ఎస్‌పీ అడిగితే మాత్రం ఎస్ఎన్ పోయకూడదు.

డీజిల్ వాళ్లకు, ముఖ్యంగా 2020 ఏప్రిల్‌లో వచ్చిన బీఎస్6 కాలుష్య నిబంధనల తర్వాతి డీజిల్ వాళ్లకు, ఒక జాగ్రత్త. వీటి పొగ గొట్టంలో మసిని పట్టే డీపీఎఫ్ ఉంటుంది. బూడిద ఎక్కువ మిగిల్చే మామూలు డీజిల్ ఆయిల్ పోస్తే అది మూసుకుపోతుంది. మాన్యువల్‌లో ఏసీఈఏ (యూరప్ ప్రమాణం) సీ2, సీ3 లాంటి గుర్తు ఉంటే డబ్బా మీద కూడా అదే గుర్తు ఉండాలి. ఇంకోటి, ఈ బండ్లను ఊళ్లో చిన్న చిన్న దూరాలకే తిప్పితే పోగైన మసిని అదనపు డీజిల్‌తో కాల్చే ప్రయత్నం మధ్యలో ఆగిపోయి ఆ డీజిల్ ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. పుల్ల మీద మట్టం తగ్గకపోగా పెరుగుతుంది. పై గుర్తు దాటితే సంతోషించకండి, ఆయిల్ మార్పించండి.

సింథటిక్ (రసాయన ప్రక్రియతో తయారైంది), మినరల్ (ముడి చమురును శుద్ధి చేసి తీసింది), సెమీ (రెంటి మిశ్రమం) గొడవ మాన్యువలే చాలావరకు తేల్చేస్తుంది. 0డబ్ల్యూ-20 అడిగితే దొరికేది సింథటికే. పాత బండికి మినరల్ ఆయిల్ చాలని రాసి ఉంటే, వేళకు మారుస్తూ పోతే అది చాలు. ఒకసారి సింథటిక్ పోస్తే మళ్లీ వెనక్కి రాకూడదన్నది పుకారు. బ్రాండ్ల మీద అన్నదమ్ములు కూడా కొట్టుకుంటారు గానీ నేను దాని జోలికి పోను. సర్వో, మ్యాక్, హెచ్‌పీ, షెల్, మొబిల్, కాస్ట్రాల్... గ్రేడు, ప్రమాణం సరిపోతే ఏదైనా ఒకటే. దారిలో ఆయిల్ తగ్గి మీ బ్రాండు దొరక్కపోతే అదే గ్రేడు వేరే కంపెనీది పావు లీటరు కలిపినా ఏమీ కాదు.

బ్రాండు కంటే పెద్ద బెడద నకిలీ ఆయిల్. పేరున్న కంపెనీల ఖాళీ డబ్బాలు కొని, వాడిన ఆయిల్‌నే వడకట్టి నింపి అమ్మే ముఠాలను పోలీసులు పట్టుకున్న వార్తలు వస్తూనే ఉంటాయి. పెట్రోలు బంకులోనో, బిల్లిచ్చే పెద్ద దుకాణంలోనో కొనండి. మూత సీలు, డబ్బా మీద తయారీ తేదీ, బ్యాచ్ నంబరు చూడండి. మార్కెట్ ధరకు మూడో వంతు తగ్గించి ఇస్తానంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. మీ ఖాళీ డబ్బాకు స్క్రూడ్రైవరుతో ఒక రంధ్రం పొడిచి పారేయండి, ఇంకొకరు దాన్ని నింపలేరు.

కారుకు పోయగా మిగిలిన ఆయిల్ బైక్‌లో పోసే అలవాటు చాలామందికి ఉంది. పోయకండి. బైక్ క్లచ్ ఆ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది. కారు ఆయిల్‌లో ఘర్షణ తగ్గించే మందులుంటాయి కాబట్టి క్లచ్ జారుతుంది. బైక్ డబ్బా మీద జాసో ఎంఏ అని, ఆయిల్‌లో మునిగే క్లచ్‌కు సరిపోతుందని చెప్పే జపాన్ ప్రమాణం గుర్తు, ఉండేది అందుకే.

ఎప్పుడు మార్చాలి

ఇక్కడ అమ్మే చాలా పెట్రోలు కార్లకు 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. ఈ వాక్యంలో అందరూ కిలోమీటర్లే చదువుతారు, ఏడాదిని వదిలేస్తారు. ‘నాలుగు వేలే తిరిగిందండీ’ అని రెండేళ్లు లాగుతారు. తక్కువ తిరిగే బండిలో ఆయిల్ ఎక్కువ కాలం మన్నుతుందనుకోవడం పొరపాటు. ఆగి ఉన్న ఇంజిన్లో తేమ చేరుతుంది. చిన్న దూరాలు తిరిగి ఆగిపోతుంటే పెట్రోలు, నీటి ఆవిరి ఎగిరిపోయే వేడి రాదు.

మీటరు లెక్కను గంటల్లోకి మార్చి చూడండి. విజయవాడ బెంజి సర్కిల్ మీదుగా రోజూ ఆఫీసుకు పోయి వచ్చే బండి సగటు వేగం గంటకు 20 కిలోమీటర్లనుకుంటే, 10,000 కిలోమీటర్లు తిరగడానికి ఇంజిన్ 500 గంటలు పని చేయాలి. వారం వారం హైవే మీద 70 వేగంతో పోయే బండికి 143 గంటలు చాలు. మీటరు మీద ఇద్దరిదీ ఒకే అంకె, ఆయిల్ పడ్డ కష్టం మాత్రం మూడు రెట్ల పైన తేడా. ఏసీ వేసుకుని పార్కింగులో నిద్రపోయిన గంటలైతే మీటరులో కనిపించనే కనిపించవు. మాన్యువల్ వెనక పేజీల్లో కఠిన పరిస్థితులు అని ఒక పట్టిక ఉంటుంది. దుమ్ము రోడ్లు, ట్రాఫిక్, తక్కువ దూరాలు, ఎక్కువ సేపు ఐడిల్. మనలో సగం మంది అందులోకే వస్తాం. నేను నగరంలో తిరిగే మా పెట్రోలు కారుకు ఏడున్నర వేలకు, లేదా ఏడాదికి మారుస్తాను. ఐదు వేలకే మార్చమని ఒత్తిడి పెడితే మాత్రం వద్దంటాను.

అమెరికాలో ఉన్న తమ్ముళ్లు చెల్లెళ్లు 3,000 మైళ్లకు ఒకసారి అన్న పాత మాట ఇంకా వింటూనే ఉంటారు. అది పాతకాలపు ఆయిల్, పాతకాలపు ఇంజిన్ల లెక్క. అక్కడా ఇప్పుడు మాన్యువలే చూసుకోవాలి.

షెడ్డులో నిలబడి చూడాల్సినవి

సర్వీసు సెంటర్లో ఇంజిన్ ఫ్లష్ అనీ, ఆయిల్ ట్రీట్‌మెంట్ అనీ బిల్లులో రెండు వరుసలు కలుపుతారు. మాన్యువల్‌లో లేకపోతే వద్దని చెప్పండి. వేళకు ఆయిల్ మార్చే బండికి ఆ రెండూ దండగ. వారంటీలో ఉన్నంతకాలం కంపెనీ సెంటర్లోనే చేయించండి. ఉచిత సర్వీసు అంటే లేబర్ ఉచితమని, ఆయిల్‌కు, ఫిల్టర్‌కు డబ్బు కట్టాలని ముందే తెలిసి ఉంటే కౌంటర్ దగ్గర గొడవ ఉండదు.

బయటి షెడ్డులో అయితే ఆయిల్, ఫిల్టర్, డ్రైన్ బోల్టు వాషర్ మీరే కొని తీసుకెళ్లండి. డబ్బా సీలు మీ ముందే విప్పాలి. పాత ఫిల్టర్ మీ కళ్ల ముందే బయటికి రావాలి. ఆయిల్ మార్చి ఫిల్టర్ వదిలేస్తే, స్నానం చేసి విడిచిన బట్టలే వేసుకున్నట్టు.

మూడేళ్ల కిందట నేను ఈ చివరి నియమమే తప్పాను. తొందరలో ఉండి తాళం ఇచ్చి టీకి వెళ్లాను. అరగంటలో బండి సిద్ధం. ఇంటికి పోతుంటే కాలిన నూనె వాసన. ముందు వెళ్తున్న లారీ అనుకున్నాను. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఎర్ర దీపం ఒక్కసారి మినుకుమంది. ఆపి దిగి చూస్తే వెనక రోడ్డు మీద నల్లటి గీత, నేను వచ్చిన దారంతా. పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజిన్‌కే అంటుకుని ఉండిపోయింది, కొత్త ఫిల్టర్‌ను దాని రింగుతో సహా దాని మీదే బిగించారు. రెండు రింగులు ఒకదాని మీద ఒకటి నిలవవు. ప్రెషర్ రాగానే పక్కకు జరిగి ఆయిల్ చిమ్మింది. వెంటనే ఆపడం వల్ల ఇంజిన్ బతికింది. అప్పటి నుంచి పాత ఫిల్టర్ చేతికి తీసుకుని, దాని అంచున నల్లటి రింగు ఉందో లేదో వేలితో తడిమి చూస్తాను. చూసిన మెకానిక్ నవ్వినా సరే.

మీరే మార్చుకోవాలనుకుంటే

మొదటిసారి రెండు గంటలు పడుతుంది. కావాల్సినవి: సరిపడా ఆయిల్, ఫిల్టర్, కొత్త వాషర్, డ్రైన్ బోల్టుకు సరిపోయే రింగు పానా (చాలా కార్లకు 14 లేదా 17 సైజు), ఫిల్టర్ విప్పే పట్టీ, ఐదు లీటర్లు పట్టే వెడల్పాటి తొట్టి, గరాటు, చేతి తొడుగులు, పాత గుడ్డలు, నేల మీద పరచడానికి అట్టపెట్టె. ఆయిల్ ఎన్ని లీటర్లు పడుతుందో మాన్యువల్‌లో ఉంటుంది. చిన్న పెట్రోలు కార్లకు సాధారణంగా మూడు నుంచి నాలుగు లీటర్లు. ఫిల్టర్‌తో కలిపి ఎంత, లేకుండా ఎంత అని రెండు అంకెలు ఉంటాయి, ఫిల్టర్‌తో కలిపి ఉన్నది తీసుకోండి.

ప్రాణం సంగతి ముందు. కారుతో వచ్చే జాకీ మీద బండి ఎత్తి దాని కిందికి దూరకండి. అది టైరు మార్చడానికే. గట్టి నేల మీద జాక్ స్టాండ్లో, ర్యాంపులో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాకే లోపలికి పోవాలి. స్టాండ్లు లేకపోతే ఈ పని షెడ్డుకే వదిలేయండి.

ఇంజిన్‌ను ఐదు నిమిషాలు నడిపి ఆపండి. గోరువెచ్చటి ఆయిల్ మసితో సహా దిగుతుంది. మరీ వేడిగా ఉంటే చేయి కాలుతుంది. పైన ఆయిల్ మూత వదులు చేయండి, గాలి ఆడుతుంది. కింద చాంబర్ అడుగున ఉన్న డ్రైన్ బోల్టును పానాతో వదులు చేసి, మిగతాది వేళ్లతో తిప్పండి. చివరి చుట్టులో బోల్టును పైకి నొక్కి పట్టుకుని తిప్పుతూ, ఊడిందని తెలియగానే చటుక్కున పక్కకు లాగాలి. లేకపోతే నూనె మోచేతి దాకా కారుతుంది, బోల్టు తొట్టిలో మునుగుతుంది. ధార మొదట దూరంగా పడి, ఒత్తిడి తగ్గే కొద్దీ దగ్గరికి జరుగుతుంది. తొట్టిని దాని వెంట జరుపుతూ ఉండండి. ధార చుక్కలయ్యేదాకా పది నిమిషాలు వదిలేయండి.

బోల్టు తుడిచి కొత్త వాషర్ వేయండి. తిరిగి పెట్టేటప్పుడు మొదటి మూడు నాలుగు చుట్లు వేళ్లతోనే తిరగాలి. తిరగకపోతే మర వంకరగా ఎక్కుతోందని అర్థం, వెనక్కి తీసి మళ్లీ పెట్టండి. చాలా చాంబర్లు అల్యూమినియంవి. బలం చూపిస్తే మర అరిగిపోతుంది, ఆ తర్వాత చాంబరే మార్చాలి. మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్ కొలతకు బిగించే పానా ఉంటే అదే వాడండి.

ఫిల్టర్ కింద తొట్టి పెట్టి పట్టీతో విప్పండి, అందులోనూ పావు లీటరు దాకా ఆయిల్ ఉంటుంది. రింగు ఫిల్టర్‌తోనే వచ్చిందా చూడండి, ఎందుకో ఇంతకుముందే చెప్పాను. ఇంజిన్ మీద అది కూర్చునే చోటు గుడ్డతో తుడవండి. కొత్త ఫిల్టర్ రింగుకు వేలితో కొత్త ఆయిల్ రాసి చేత్తో ఎక్కించండి. రింగు ఆనిన దగ్గర నుంచి సాధారణంగా ముప్పావు చుట్టు, చేత్తోనే. ఫిల్టర్ మీద ముద్రించిన కొలత వేరేగా ఉంటే దాన్నే పాటించండి. పట్టీ విప్పడానికే, బిగించడానికి కాదు.

మాన్యువల్ 3.5 లీటర్లు అంటే మొదట మూడే పోయండి. మూత పెట్టి స్టార్ట్ చేయండి. ఎర్ర దీపం మామూలు కంటే ఒకటి రెండు సెకన్లు ఎక్కువ వెలుగుతుంది, ఫిల్టర్ నిండాలి కదా. ఆరకపోతే ఇంజిన్ వెంటనే ఆపండి. ఆరితే ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచి, టార్చి వేసి బోల్టు దగ్గర, ఫిల్టర్ దగ్గర తడి ఉందేమో చూడండి. ఆపి, బండి కిందికి దించి, పది నిమిషాలయ్యాక పుల్ల చూస్తూ మిగతాది కొంచెం కొంచెంగా పోయండి.

తొట్టిలో మిగిలిన నల్ల నూనెను మురికి కాలువలో పోయకండి. ఊళ్లలో చెదలకనీ, దుమ్ము లేవకుండా ఉండటానికనీ వాకిట్లో చల్లేవాళ్లూ ఉన్నారు, బావి నీళ్లలోకి దిగేది అదే. వాడిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థమని 2016 నాటి కేంద్ర నిబంధనలే చెబుతున్నాయి. చర్మానికి మళ్లీ మళ్లీ తగిలితే క్యాన్సర్ ముప్పు కూడా ఉంది, తొడుగులు అందుకే. ఖాళీ డబ్బాలోకి వంచి, మూత బిగించి, వాడిన ఆయిల్ పోగుచేసే షెడ్డులో ఇవ్వండి. రీసైక్లింగుకు కొనుక్కెళ్లేవాళ్లు వాళ్ల దగ్గరికి వస్తుంటారు. డబ్బాకు రంధ్రం ఆ తర్వాత చేయాలి, ముందు కాదు.

బానెట్ లోపలి వైపు ఒక టేపు ముక్క అంటించి తేదీ, మీటరు అంకె, గ్రేడు రాయండి. బిల్లులు మాన్యువల్ సంచిలో పెట్టండి. మర్నాడు ఉదయం బండి తీసేముందు కింద నేల మీద చుక్కలున్నాయేమో చూసి, పుల్ల ఇంకోసారి లాగండి.